గింజల లెక్కకు అందని ఆకలి
(టంగుటూరి ప్రకాశం స్మారకోపన్యాసం, పొదిలి)

 

ప్రకాశంగారిని తలచుకున్నప్పుడల్లా 1928లో మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురు నిలిచిన ఘట్టంతో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈ రోజు అంతకంటె నాలుగున్నర దశాబ్దాలు వెనక్కి వెళ్ళనివ్వండి. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయనకు పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. పరువుగల ఇంటి ఆడవారు పూటకూళ్ళు పెట్టడాన్ని లోకం చిన్నచూపు చూసిన కాలమది. ఎదిగే వయసు కుర్రవాడికి వేళకు ఇంత అన్నం దొరకడానికి ఒక తల్లి తన పరువును పణంగా పెట్టింది. ఆ అన్నం లేకపోతే ఆ చదువు లేదు, ఆ వకీలు లేడు, ఆ ఆంధ్రకేసరి లేడు. 1972లో ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో ఏళ్ళతరబడి ఉన్న ఈ ఊళ్ళో, ఆ ఈడు పిల్లల కంచం గురించి మాట్లాడటమే ఆయనకు తగిన నివాళి అని భావిస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నూట యాభై ఏళ్ళుగా మన పాలకులు, వారిని చూసి మనమూ, ఆకలిని గింజలతో కొలుస్తూ వచ్చాం. ఆ కొలత ప్రాణాలు నిలబెట్టింది; దాన్ని నేను చులకన చేయను. కాని పదమూడు మొదలు పందొమ్మిది ఏళ్ళ దాకా పిల్లల శరీరం అడిగేది ఆ కొలతకు అందదు. పల్లెలోనూ అందదు, పట్నంలోనూ అందదు. పొదిలి, మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు ప్రాంతంలో నీరు కూడా కలిసి ఈ కొరతను రెట్టింపు చేసింది.

ఈ కొలత ఎక్కడ మొదలైందో చూడాలి. 1876-78 నాటి ధాత కరువు మన పూర్వులు తరతరాలు చెప్పుకున్న కరువు. అప్పటికి పొదిలి నెల్లూరు జిల్లాలో ఉంది. మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. దక్షిణాదిలో కరువు బాగా కాల్చిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఖర్చు తగ్గించే పనిమీద కలకత్తా ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపింది. 1877 జనవరిలో ఆయన కరువు పనుల కూలిని కుదించాడు: మగ కూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. అంటే దాదాపు 450 గ్రాములు. ఆడవారికి, పిల్లలకు అంతకంటె తక్కువ.

దాన్ని ఎదిరించినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్. ఒక పౌను గింజలతో మనిషి కదలకుండా పడుకుంటే బతుకుతాడేమో గాని మట్టి మోయలేడని ఆయన వాదించాడు. కండను నిలిపే మాంసకృత్తులు పప్పు వంటివాటిలో ఉంటాయనీ, గింజల బరువు ఒక్కటే చూసి కూలి కట్టడం తప్పనీ గణాంకాలతో రాశాడు. కొన్ని నెలలకు సర్కారు కొంత దిగివచ్చి కూలి పెంచింది. అప్పటికే శిబిరాల్లో ఎందరో రాలిపోయారు. మన వైపు ఆ కరువుకు ఇంకో జ్ఞాపకం ఉంది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలికి తాళలేక వచ్చిన జనానికి అక్కడ కూలి చూపించాడు. కరువు చివర 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండికీ, మనిషిగా చూసే చూపుకీ మధ్య ఉన్న ముడి ఎంత గట్టిదో ఆ సంఖ్య చెబుతుంది. దాన్ని మతం లెక్కగా మాత్రమే చదివేవారితో నాకు పేచీ ఉంది.

టెంపుల్, కార్నిష్‌ల తగువు అక్కడితో తీరలేదు. పాత్రలు మారుతూ ఇప్పటికీ సాగుతోంది. ఒకరు గింజ చాలునంటారు. మరొకరు గింజతో పాటు ఏముందని అడుగుతారు.

ఆ రెండో ప్రశ్నకు శాస్త్రం తోడైంది కూనూరులో. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ అక్కడ ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి పరిశోధన మొదలుపెట్టాడు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశాడు. పాలు, గోధుమ, పప్పు, కూరలు ఉన్న పంజాబు సిక్కుల భోజనం తిన్నవి బాగా ఎదిగాయి. పాలిష్ పట్టిన బియ్యం ఎక్కువగా ఉన్న మన మద్రాసు భోజనం తిన్నవి గిడసబారాయి. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1937లో, అది ఇంకా కూనూరులో ఉండగానే, దాని డైరెక్టరు ఎక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు అచ్చువేశాడు. అదే ఏడు షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలను ఏం చేస్తోందో లోకానికి తెలిపారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌పై వెలువడిన తొలి పరిశోధనలివి. పొదిలి ఆనాడు ఆ జిల్లాలో ఒక తాలూకా. ఆహారం పట్టికలూ నీటి జబ్బూ ఒకే ఏట గ్రంథస్థమయ్యాయి. తరువాతి ఎనభై ఏళ్ళలో ప్రభుత్వ శాఖలు మాత్రం ఈ రెంటినీ వేర్వేరు అలమారల్లో దాచాయి: ఒకటి పౌరసరఫరాల్లో, రెండోది గ్రామీణ నీటి సరఫరాలో.

స్వాతంత్ర్యం తరువాత మన ప్రాంతపు తిండి ఎలా మారిందో ఈ సభలోని పెద్దవారికి నేను చెప్పనక్కరలేదు. జొన్న, సజ్జ, కొర్ర, వరిగ పండిన చేలల్లోకి పొగాకు వచ్చింది, మిరప వచ్చింది, పత్తి వచ్చింది. పొదిలిలో పొగాకు వేలం జరిగే రోజుల్లో ఊరికి ఎంత డబ్బు వస్తుందో, ధర పడితే ఎన్ని ఇళ్ళలో పొయ్యి చల్లబడుతుందో మీకు తెలుసు. 1983 ఏప్రిల్ 14న ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ బియ్యం కోట్ల ఇళ్ళకు ధైర్యమిచ్చింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చి, మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం హక్కయింది. 2023 జనవరి నుంచి అదీ ఉచితం. ఇటీవలి ఏళ్ళలో ఆ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. బియ్యం వచ్చి చిరుధాన్యాలను చంపేసిందనీ, మళ్ళీ జొన్నసంగటికి వెళితే అన్నీ బాగవుతాయనీ ఈ మధ్య వేదికలమీద తరచు వింటున్నాను. సంగటిమీద నాకు గౌరవమే. కాని జొన్న ఒక్కటే తిని బతికిన దక్కను పేదల్లో పెల్లాగ్రా ఉండేది. చర్మం మాడినట్టు నల్లబడి, మతి చెదిరే జబ్బది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కు దానితో సంబంధం ఉందని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. మన తాతలు గట్టిగా ఉన్నారంటే వారి కంచంలో సంగటి పక్కన పప్పో, ఉలవచారో, మజ్జిగో, చేలగట్టు ఆకుకూరో ఉండబట్టి. అవి లేని సంగటి, అవి లేని వరి అన్నం ఒక్కటే. పోగొట్టుకున్నది ఆ పక్కన ఉండేదాన్ని.

ఎదిగే వయసుకు ఇది ఎందుకు ఇంత ముఖ్యమో చూద్దాం. మనిషి తుది ఎత్తులో ఆరో వంతు వరకు, తుది బరువులో దాదాపు సగం ఈ కొద్ది ఏళ్ళలోనే వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఒక మోస్తరు శ్రమచేసే పెద్ద మగవాడికి రోజుకు 2,710 కిలోకాలరీలు కావాలి. పదహారు, పదిహేడేళ్ళ కుర్రవాడికి 3,320 కావాలి. ఇంటి పెద్దకంటె కొడుకు ఎక్కువ తినాలి! మన ఇళ్ళలో వడ్డించే వరస చూసినవారికి ఈ అంకె ఎంత దూరంగా ఉందో తెలుస్తుంది. అదే ఈడు ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆ ఈడు మగపిల్లవాడికి 26. ఇద్దరికీ వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావాలి. నెలకు ఐదు కిలోలంటే రోజుకు 167 గ్రాముల బియ్యం, సుమారు 580 కిలోకాలరీలు. ఆ కుర్రవాడి అవసరంలో ఐదో వంతు కూడా కాదు. మిగతా నాలుగు వంతులు ఇల్లు కొనాలి. వాన లేని ఏడాది, బోరు ఎండిన ఏడాది, బత్తాయి తోట నరికేసిన ఏడాది ఇల్లు దేన్ని కొనడం మానుకుంటుంది? బియ్యాన్ని మానుకోదు. పప్పును, పాలను, గుడ్డును మానుకుంటుంది. కంది ప్రధాన పంటగా ఉన్న ఈ పడమటి మండలాల్లో కంది అమ్ముకున్న ఇంట్లోనే పప్పు పలచనవుతుంది. తెల్లవారుజామున పాలు కేంద్రానికి వెళతాయి. పిల్లలకు టీ మిగులుతుంది.

ఫలితం రక్తంలో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో సుమారు 60 శాతం మందికి రక్తహీనత. ఇదే రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. తన ఒళ్ళే ఇంకా పూర్తిగా కట్టుకోని పిల్ల మరో ఒంటిని మోయవలసి వస్తోంది. ఇక్కడ మరో తెలుగువాడిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయించాడు. ఈనాడు బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. పరగడుపున మింగి కడుపులో తిప్పిందని ఆ మాత్రను కిటికీలోంచి విసిరేసే పిల్లలున్నారు. వారిని కోప్పడే ముందు ఉదయం ఏం తిని వచ్చారో అడగాలి.

ఇక నీటి సంగతి. ఎదిగే ఎముక పెద్దవారి ఎముక కంటె ఎక్కువ ఫ్లోరైడును పట్టి ఉంచుకుంటుంది. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. కనిగిరి, పొదిలి, మర్రిపూడి, కొనకనమిట్ల వైపు ఎన్నో బోర్లు ఆ గీత దాటాయి. అయితే ఒకే బోరు నీళ్ళు తాగిన రెండు ఇళ్ళలో దెబ్బ ఒకేలా ఉండదు. కాల్షియం, మాంసకృత్తులు, సి విటమిను అందే శరీరం కొంత తట్టుకుంటుంది. అందని శరీరం వంగిపోతుంది. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడు ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే జబ్బును వర్ణించారు. దానికి ఎక్కువగా దొరికినవారు పేదింటి కుర్రవాళ్ళు, సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న ఈడువాళ్ళు. 2002లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే మరో మేలైన సంగతి ప్రచురించారు: బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు మునుపటికంటె ఎక్కువగా బయటికి పోయింది. చింతచెట్టు లేని ఊరు మన వైపు లేదు. చింతపండు చారుతో ఫ్లోరోసిస్ తీరిపోతుందని నేననను. దానికి కృష్ణా నీళ్ళే రావాలి. 1996లో పునాదిరాయి పడిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల తవ్వకం పూర్తయ్యేసరికి పాతికేళ్ళు దాటింది. ఆ పాతికేళ్ళలో ఇక్కడ పుట్టిన పిల్లల ఎముకలు ఏ నీటితో గట్టిపడ్డాయో ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఉండదు.

అన్నం పెడితే ఏమవుతుందో మన తెలుగు నేలమీదే పరీక్ష జరిగింది. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. పక్క పల్లెల్లో ఇవ్వలేదు. ఆ పిల్లలకు పదమూడు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు వచ్చాక మళ్ళీ వెతికి కొలిచారు. అన్నం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు; మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసే సూచనలు వారిలో తక్కువ. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మరో పరిశీలన మనకు ఇంకా దగ్గరిది. యంగ్ లైవ్స్ అనే సుదీర్ఘ అధ్యయనం ఆంధ్రప్రదేశ్ పిల్లలను ఏళ్ళతరబడి వెంబడించింది. కరువు దెబ్బ తిన్న ఇళ్ళ పిల్లల ఎదుగుదలలో పడిన గండిని బడి మధ్యాహ్న భోజనం చాలావరకు పూడ్చిందని ఆ లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు 2014లో తేల్చారు. కరువు మన ఇంటి చుట్టం. వంటపాత్ర కూడా మన బడిలోనే ఉంది.

పట్నం పిల్లల ఆకలి వేరే దుస్తులు వేసుకుంటుంది. పొదిలి నుంచి ఒంగోలుకో, గుంటూరుకో, విజయవాడకో వెళ్ళి ప్రైవేటు కాలేజీ హాస్టల్లో చేరిన పిల్ల తెల్లవారకముందే స్టడీ అవర్లో కూర్చుంటుంది. టిఫిను ఆదరాబాదరాగా అవుతుంది, లేదా మానేస్తుంది. సాయంత్రం బిస్కట్ ప్యాకెట్టు, పఫ్, నూడుల్స్, సీసా డ్రింకు. కడుపు నిండినట్టే ఉంటుంది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే ఒక విచిత్రం చూపింది: పది నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల్లో 24 శాతం మంది వయసుకు తగ్గ ఒళ్ళు లేనివారు; పదింట ఒకరికి మధుమేహపు తొలి సూచనలు; ఇనుము లోపం పల్లెలకంటె పట్టణాల్లోనే ఎక్కువ. అంటే డబ్బు చేతికి వచ్చిన చోట కూడా పప్పూ ఆకుకూరా కంచంలోకి రాలేదు. ఇక హైదరాబాదు, బెంగళూరు మేస్త్రి పనులకు తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లలున్నారు. రేకుల షెడ్డులో ఉండే ఆ పిల్లవాడు పల్లె లెక్కలోనూ, పట్నం లెక్కలోనూ చేరడు. వలస కాలంలో పిల్లలను ఊళ్ళోనే ఉంచి అన్నం పెట్టే సీజనల్ హాస్టళ్ళు మన రాష్ట్రంలో నడిచాయి. నా దృష్టిలో కరువు నేలకు అంతకు మించిన పథకం లేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1975లో వచ్చిన అంగన్‌వాడీ వ్యవస్థ ఆరేళ్ళ దాకా చూస్తుంది. ఆపైన గర్భిణినీ, బాలింతనూ చూస్తుంది. ఆహార భద్రతా చట్టం బడి భోజనాన్ని ఎనిమిదో తరగతి వరకు, పద్నాలుగేళ్ళ వయసు వరకు హక్కుగా ఇచ్చింది. శరీరం ఎక్కువ అడగడం మొదలుపెట్టిన వయసులో చట్టం చేయి వెనక్కి తీసుకుంటుంది. కేంద్రం నడిపే కౌమార బాలికల పథకం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి ఈశాన్య రాష్ట్రాల్లోనూ, ‘ఆకాంక్షిత’ జిల్లాల్లోనూ మాత్రమే అమలవుతుంది. ఆ జాబితాలో ప్రకాశం లేదు. బడి మానేసి మిరప కోతలకు వెళ్ళే పదహారేళ్ళ పొదిలి ఆడపిల్లను ఈ పథకం ఎరగదు. అదే ఈడు మగపిల్లవాడికైతే పథకమన్నదే లేదు.

రాష్ట్రం కొంత పూడ్చింది, అది ఒప్పుకోవాలి. తొమ్మిది, పది తరగతులకు మన ప్రభుత్వాలు సొంత డబ్బుతో వండిపెడుతున్నాయి. 2020లో మెనూ మారి గుడ్డు, చిక్కీ బలపడ్డాయి. 2023లో రాగిజావ వచ్చింది. డొక్కా సీతమ్మగారి పేర ఈ భోజనం 2025 జనవరి 4 నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ చేరింది. ముందు వరుసల్లో కూర్చున్న జూనియర్ కళాశాల విద్యార్థులారా, మీలో చాలామంది తింటున్నది అదే. అయితే ఈ కళాశాల భోజనం 2018లో ఒకసారి మొదలై, మరుసటి ఏడాదే ఆగిపోయింది. ఆపినప్పుడు అడగడానికి చట్టం లేకపోయింది. అది హక్కు కాదు, ఉత్తర్వు. ఉత్తర్వు రాసిన కలమే దాన్ని కొట్టేయగలదు.

సభకు వచ్చిన ప్రజాప్రతినిధులకు, అధికారులకు నా విన్నపం ఇది. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, బడిలో ఉన్నా పొలంలో ఉన్నా, ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రోజుకొక పూట పప్పు, గుడ్డు ఉన్న భోజనాన్ని రాష్ట్ర శాసనసభ చట్టంగా చేయాలి. బడి మానినవారికి అంగన్‌వాడీలోనే వడ్డించవచ్చు. పొయ్యి ఉంది, వండే మనిషి ఉంది. పడమటి మండలాల్లో ప్రతి ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల తాగునీటిలో ఫ్లోరైడు ఎంతో ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, ఆ అంకెను కుళాయి పక్కన గోడమీద రాయించాలి. ఈ ప్రాంతపు కందిని ఇక్కడి రైతుల దగ్గరే కొని ఇక్కడి బడులకు, హాస్టళ్ళకు పంపాలి. ఇవి పెద్ద కోరికలు కావు. ముందు మొదటిదానికి శాసనసభ వచ్చే సమావేశాల్లోనే బిల్లు పెట్టించండి.